పూడ్చలేని లోటు

గవర్రాజు పిండిమిల్లు మానేస్తానంటే తునిలో ఎవరూ నమ్మలేదు. అందరికంటే గట్టిగా నమ్మనిది చిరువ్యాపారుల విశ్రాంత జీవన మండలి. మిగతావాళ్ళు నమ్మకపోతే నవ్వి ఊరుకున్నారు. మండలి అలా ఊరుకోలేదు, నమ్మకపోవడానికి ప్రత్యేకంగా ఒక ఫారం అచ్చు వేయించింది.

పాపం, గవర్రాజుకి మానెయ్యక తప్పని పరిస్థితి. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా లారీ స్టాండు వెనక రేకుల షెడ్డులో బియ్యం ఆడించాడు, సెనగలు ఆడించాడు, అన్నిటికీ మించి మిరపకాయలు ఆడించాడు. ఎండాకాలం వచ్చిందంటే ఊళ్ళో ఆవకాయలకి కావలసిన కారమంతా ఆ మరలోంచే రావాలి. మనకి జాడీలోకి వచ్చిన కారం పోగా మిగిలింది గవర్రాజు ఛాతీలోకి వెళ్ళేది. అరవై రెండో ఏట డాక్టరు ఎక్సరేని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "ఇంకో రెండు ఆవకాయ సీజన్లు ఆ షెడ్డులో నిలబడ్డావనుకో, మూడో ఏడు మీ ఆవిడ ఒక్కతే పెట్టుకోవాలి" అన్నాడు. డాక్టర్లలో కూడా కొందరికి నోరు మంచిది కాదు.

ఆ మాట విన్నప్పటినుంచీ గవర్రాజు భార్య నూకరత్నం ఒకటే పోరు.

"పద్దెనిమిదేళ్ళు ఆ మండలికి నెల తప్పకుండా కట్టారు. పిల్లకి పుస్తకాలు ఆలస్యంగా కొన్నాం గానీ అది మాత్రం ఆలస్యం చెయ్యలేదు. ఇంక పెన్షను పుచ్చుకుని ఆ మర ఆపెయ్యండి."

"ఆపేస్తానే" అన్నాడు గవర్రాజు. అని, ఓ అయిదు నిమిషాలు దగ్గాడు.

మండలి ఎందుకు పుట్టిందంటే, జీతగాళ్ళకేనా విశ్రాంతి, చిన్న దుకాణం వాడికి అక్కర్లేదా అని ఎవరో పెద్దమనిషి సభలో ఆవేశపడ్డాడు. ఆవేశం మంచిదే. కానీ నియమావళి రాసే పని జీతం తప్ప మరో సంపాదన ఎరగని మహానుభావుల చేతిలో పడింది. వాళ్ళు తమ సర్వీసు రూల్సునే తెచ్చి, పైన పేరు మార్చి, అట్ట వేయించి ఇచ్చేశారు.

జిల్లా కేంద్రంలో మండలి సూపరింటెండెంటు పరాంకుశంగారు. దరఖాస్తుని ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిరగేశాడు.

"దరఖాస్తు సలక్షణంగా ఉందయ్యా. రిలీవింగ్ ఆర్డరు మాత్రం జతపరచలేదు."

"అదేంటండి?"

"నిన్ను విధుల నుంచి విముక్తుణ్ణి చేస్తూ నీ యజమాని జారీచేసే ఉత్తర్వు."

"నాకు యజమానెవరండీ? మిల్లు నాదే."

"అయితే యజమానివి నువ్వే. నీకు నువ్వు ఇచ్చుకోవాలి."

"అంతేగదా! ఓ కాయితం ఇప్పించండి, ఇక్కడే రాసిచ్చేస్తాను."

పరాంకుశం కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన సర్వీసులో ఇంత అమాయకుణ్ణి చూసి చాలా కాలమైంది. "తొందరపడకూడదు. ముందు ఉద్యోగిగా నువ్వు, యజమాని అయిన నీకు, నెల రోజుల గడువుతో రాజీనామా సమర్పించుకోవాలి. యజమానిగా నువ్వు దాన్ని సానుభూతితో పరిశీలించాలి. వెంటనే ఆమోదించావంటే ఇద్దరూ కుమ్మక్కయ్యారని మేం భావించాల్సి వస్తుంది."

ఈ గోతిలోంచి బయటపడెయ్యడానికి దొరికినవాడు ఓంకారం. తుని మెయిన్ రోడ్డులో మెట్ల కింద అతని ఆఫీసు. బోర్డు మీద 'పన్నులు, పెన్షన్లు, ప్రశాంత వృద్ధాప్యం' అని రాసుంటుంది. తలనొప్పి తెచ్చేవాడు, మాత్ర ఇచ్చేవాడు ఒకడే అయితే ఎంత సుఖమో ఓంకారాన్ని చూస్తే తెలుస్తుంది.

"రిజిస్టరు పోస్టులో పంపుదాం, రికార్డుగా ఉంటుంది" అన్నాడు ఓంకారం.

పంపారు. నాలుగో రోజున పోస్టుమాను సైకిలు దిగి, గవర్రాజు రాసిన ఉత్తరం గవర్రాజుకే ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. ఆ తర్వాత అందినట్టు రసీదు కూడా గవర్రాజుకే వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటే అతనికి తనెవరో కాసేపు అర్థం కాలేదు.

"ఇప్పుడు యజమానిగా తిరస్కరించండి" అన్నాడు ఓంకారం. "ఒక్కసారైనా తిరస్కరించకపోతే బాగుండదు."

గవర్రాజు తిరస్కరించాడు. 'మీ సేవలు సంస్థకు ఎంతో అవసరం. పునరాలోచించగలరు' అని ఓంకారం చెబుతుంటే రాసి, కింద సంతకం చేశాడు. నాలుగు రోజులకి అది పోస్టులో వస్తే షెడ్డు గుమ్మంలో నిలబడి రెండుసార్లు చదువుకున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో అతన్ని ఆ మాట అన్నవాడు లేడు. కొంచెం గర్వంగానే అనిపించింది, దాచడమెందుకు.

నెల తిరిగాక రెండో రాజీనామాని ఆమోదించి, రిలీవింగ్ ఆర్డరు తనకి తనే ఇచ్చుకున్నాడు. అక్కడితో అయిందా? యజమాని ఉద్యోగికి గ్రాట్యుటీ ఇవ్వాలని మండలి నియమం. గవర్రాజు గల్లాపెట్టెలోంచి తీసి గవర్రాజు జేబులో పెట్టాడు. పుచ్చుకున్న గవర్రాజు దాని మీద మండలికి 'విశ్రాంతి సుంకం' కట్టాలన్నారు. కుడిచేతి డబ్బు ఎడమచేతికి వచ్చేలోగా మధ్యలో మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చిందని నూకరత్నం అడిగితే, "దీన్నే ప్లానింగ్ అంటారమ్మా" అన్నాడు ఓంకారం.

చివరికి మిగిలింది సన్మానం. సన్మానం జరిగినట్టు రుజువు లేకపోతే విరమణ చెల్లదు. శాలువా, దండ, పళ్ళెంలో అయిదు రకాల పళ్ళు, కళ్ళు చెమర్చిన ఫొటో ఒకటి, సభా కార్యక్రమాల నివేదిక రెండు ప్రతులు. లారీ ఓనర్ల హాల్లో కుర్చీలు వేయించారు. కళ్ళు చెమర్చిన ఫొటోకి ఏ ఇబ్బందీ కలగలేదు. శాలువాని ముందురోజే తెచ్చి మిల్లులో పెట్టారేమో, వేదిక మీద దాన్ని దులిపి కప్పగానే హాలంతా ఒక్కసారి తుమ్మి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఫొటోగ్రాఫరు కూడా ఏడుస్తూనే తీశాడు.

ప్రధాన వక్త పక్క వీధి కిరాణా వీరభద్రం. అతనికి మైకు ఇస్తే మన ఊళ్ళో ఎవరు రిటైరైనా ఒకటే ఉపన్యాసం. టీచరైనా, లైన్‌మానైనా, ఆ మాట అనకపోతే మనిషి ఉద్యోగం దిగినట్టే కాదు. "గవర్రాజన్న లేని లోటు ఈ ఊరికి ఎన్నటికీ పూడ్చలేనిది!" అని గొంతెత్తి అరిచాడు. చప్పట్లు మోగాయి. ఓంకారం నివేదికలో ఆ ముక్క పొల్లుపోకుండా రాసుకున్నాడు, చప్పట్లతో సహా.

పదిహేను రోజులకి మండలి నుంచి ఉత్తరం వచ్చింది.

'దరఖాస్తుదారుని విరమణ వలన పట్టణమునకు ఎన్నటికీ పూడ్చలేని లోటు ఏర్పడునని సభ ఏకగ్రీవముగా, కరతాళధ్వనుల మధ్య నిర్ధారించియున్నది. ప్రజాప్రయోజనముల దృష్ట్యా సదరు లోటు పూడునంతవరకు విరమణ నిలుపుదల చేయడమైనది. ఈలోగా మర ఆపినచో విధులకు గైర్హాజరుగా భావించి ఖాతా రద్దుపరచబడును.'

గవర్రాజు చదివి తలెత్తి చూశాడు. గుమ్మం ముందు ఆవకాయ సీజను మొదలైపోయింది. ఎర్రటి మిరపకాయల సంచులు పట్టుకుని పదిహేనుమంది ఆడవాళ్ళు నిలబడున్నారు.

ఆ వేసవంతా మర ఆడింది. గవర్రాజు ముక్కుకి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడు. మంచం మీద పడుకుంటే దగ్గు వస్తోందని గోడకి చేరగిలబడి కూర్చుని నిద్రపోయేవాడు. నూకరత్నం వీరభద్రం కొట్టుకి వెళ్ళి, "అన్నయ్యా, నీ నోట్లోంచి ఆ మాట రాకపోతే ఏం పోయింది? ఆయన ఊపిరి మీదికి తెచ్చావు గదా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వీరభద్రం నిజంగానే బిక్కచచ్చిపోయాడు. "మంచి చేద్దామనే అన్నానమ్మా, నోరు అలవాటైపోయింది" అన్నాడు.

మళ్ళీ జిల్లా కేంద్రం. మళ్ళీ పరాంకుశం.

"అయ్యా, అది మాట వరసకి అన్నదండి. ప్రతి సన్మానంలోనూ అంటారు గదా."

"రికార్డులో మాట వరస అనేది ఉండదయ్యా. లోటు అన్నారు, పూడ్చలేనిదన్నారు. నేను ఊరినంతటినీ లోటులో పెట్టి నీకు పెన్షను ఎలా మంజూరు చేయను? నా మనస్సాక్షి ఒప్పుకోదు."

"మరేం చెయ్యమంటారు?"

"లోటు లేదని రుజువు చెయ్యి. స్థానికులు అయిదుగురు బహిరంగ సభలో, నువ్వు లేకపోయినా ఏమీ నష్టం లేదని ధ్రువీకరించాలి. అందులో ఒకరు రక్త సంబంధీకులో, వివాహ సంబంధీకులో అయి ఉండాలి."

గవర్రాజు ఇల్లిల్లూ తిరిగి, నేను అక్కర్లేదని చెప్పండర్రా బాబూ అని బతిమాలుకున్నాడు. మొదట ఎవరూ ఒప్పుకోలేదు. మనిషి ముఖం మీద అలా ఎలా అంటామన్నారు. సభ రోజు వీరభద్రం మైకు ముందుకొచ్చి, "గవర్రాజన్న లేకపోయినా... లోటేం లేదు" అన్నాడు. ఓంకారం వెనకనుంచి, "ఇంకొంచెం గట్టిగా, కారణం కూడా చెప్పండి" అన్నాడు.

"కారణమంటే..." అని వీరభద్రం ఆలోచించాడు. "పోయినేడు మా ఇంటి కారంలో ఉప్పు కలిసింది."

"ఎప్పుడు కలిసిందిరా?" గవర్రాజు కుర్చీలోంచి లేచాడు.

ఓంకారం శాలువా పట్టుకుని లాగి కూర్చోబెట్టాడు. "కూర్చోండి, బాగా వస్తోంది."

దాంతో జనానికి నోళ్ళు విచ్చుకున్నాయి. మినప్పిండిలో ఇసక రాలిందని ఒకావిడ అంది. ఇచ్చిన బియ్యం తూకానికీ తిరిగొచ్చిన పిండి తూకానికీ పావుకిలో తేడా అని లారీ మెకానిక్ అన్నాడు. బస్టాండు దగ్గర పెట్టిన కొత్త మిల్లులో పిండి చల్లగా వస్తుందని ఇంకొకావిడ చెబితే, అదెక్కడ, ఎంత పుచ్చుకుంటాడని వెనక వరసలో వాకబులు మొదలయ్యాయి. మెడలో దండ, ఒంటిమీద శాలువాతో గవర్రాజు ఆ మాటలన్నీ వింటూ కూర్చున్నాడు. అన్నీ తన కోసమేనని తెలుసు. తెలిసినా ఒక్కో మాటా మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

అయిదో మనిషి నూకరత్నం. మైకు దగ్గరికి వచ్చింది. పుస్తెలు గుప్పెట్లో పట్టుకుంది.

"ఈయన లేకపోయినా నాకు..." అని ఆగిపోయింది. కట్టుకున్నవాడు లేకపోయినా లోటు లేదని వెయ్యి కళ్ళ ముందు ఏ ఆడది అంటుంది? గోడకి చేరగిలబడి నిద్రపోయే మనిషి ముఖం గుర్తు చేసుకుంది. "లోటు లేదు!" అని ఒక్క అరుపు అరిచి, చెంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది. ఆ ఫొటోకి కారం అవసరం పడలేదు.

ఇంత చేసినందుకు మండలి నెల తిరక్కుండానే జవాబిచ్చింది. దాని చురుకుతనాన్ని మెచ్చుకోవాలి.

'దరఖాస్తుదారుడు పని మానివేసినను ఎవ్వరికిని ఎట్టి లోటు లేదని స్థానికులు, ధర్మపత్నితో సహా, ధ్రువీకరించియున్నారు. దీనినిబట్టి గత పద్దెనిమిది సంవత్సరములుగా ఆయన చేసినది పని కాదని తేలుచున్నది. పని చేయనివాడు విరమించుటకు ఏమియు ఉండదు. పనివానిగా చలామణీ అయి సభ్యత్వము పొందినందుకు చర్య ఏల తీసుకొనరాదో వారం దినములలో తెలుపవలెను.'

గవర్రాజు ఆ కాయితం పట్టుకుని పరాంకుశం బల్ల ముందు నిలబడ్డాడు. నోరు తెరిస్తే దగ్గే వచ్చింది.

"లోటుంటే వదలరు. లోటు లేకపోతే జైల్లో పెడతామంటారు. నన్ను ఏం చెయ్యమంటారండీ?"

పరాంకుశం మొదటిసారి కళ్ళజోడు తుడవలేదు. ఆయన ముఖంలో కూడా కళ లేదు. "రెండింటికీ మధ్యలో ఏదో ఒకటి ఉండాలయ్యా. నియమావళిలో లేదు." గొంతు తగ్గించాడు. "ఈ నెలాఖరుకి నేనూ విరమిస్తున్నాను. ఆదర్శంగా ఉంటుందని నిరుడు సిబ్బందికి కూడా ఇవే రూల్సు వర్తింపజేశాం. ఆ సర్క్యులరు నేనే రాశాను. నా సన్మానంలో లబ్ధిదారుడు ఒకడు మాట్లాడాలి. మండలి పెట్టిన దగ్గర్నుంచీ పెన్షను అందుకున్నవాడు ఒక్కడూ లేడు. అంతో ఇంతో దగ్గరిదాకా వచ్చింది నువ్వే."

మండలి హాల్లో సన్మానం బ్రహ్మాండంగా ఏర్పాటు చేశారు. కమిషనరుగారు అధ్యక్షులు. ఎంత బ్రహ్మాండమైతేనేం, ఒక్క వక్తా నోరు విప్పడానికి సాహసించలేదు. ఒకాయన లేచి, "పరాంకుశంగారి గురించి చెప్పడానికి మాటలు చాలవు" అని కూర్చున్నాడు. రెండో ఆయన, "నేను కూడా ముందువారితో ఏకీభవిస్తున్నాను" అన్నాడు. మూడో ఆయన దండం పెట్టి ఊరుకున్నాడు. నివేదిక రాసే గుమాస్తా మాత్రం కలం పట్టుకుని నోళ్ళకేసి చూస్తున్నాడు.

గవర్రాజు చేతికి మైకు వచ్చింది.

పూడ్చలేనిది అన్న ఒక్క మాట చాలు, పరాంకుశం బతికున్నన్నాళ్ళూ ఆ కుర్చీలోనే. లోటు లేదంటే ముప్ఫై మూడేళ్ళ సర్వీసూ గోవిందా. పగ తీర్చుకోవాలని గవర్రాజుకి లేదా అంటే ఉంది, ఆ వేసవి కారమంతా ఆ మనిషి నోట్లో కొట్టాలని ఉంది. కానీ ఆ కుర్చీలో పరాంకుశం ఉన్నంతకాలం తన ఫైలు కూడా ఆ కుర్చీ కిందే ఉంటుంది. పైగా చూస్తే ముసలాయన దండ బరువుకే వంగిపోయి, మోకాళ్ళు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"గవర్రాజుగారూ, కాస్త చూసి..." అన్నాడు పరాంకుశం. ఇన్నాళ్ళలో 'గారు' అనడం అదే మొదలు.

గవర్రాజుకి దగ్గు తెర వచ్చింది. ఒకటి, రెండు, మూడు. నీళ్ళు తాగి మైకు దగ్గరికి జరిగాడు.

"ఈయన పని చేశాడండి. చేతనైనంత చేశాడు. ఇప్పుడు అలిసిపోయాడు. ఈయన పని ఇంకొకళ్ళు చేస్తారు. ఇంటికి పంపించండి." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "నా ఫైల్లో కూడా ఈ ముక్కే రాసుకోండి. ఇద్దరికీ కలిపే దగ్గాను."

గుమాస్తా రాశాడు. కమిషనరు ఆ కాయితం తీసుకుని పైకీ కిందకీ చదివాడు. లోటు అని లేదు. లోటు లేదని కూడా లేదు. వెతికి వెతికి, అభ్యంతరం ఏదీ దొరక్క, ఎంతో అయిష్టంగా రెండు ఫైళ్ళ మీదా సంతకం చేశాడు.

ఆగస్టు ఒకటిన గవర్రాజు మర ఆపాడు. ఊళ్ళో ఆడవాళ్ళు సంచులు పట్టుకుని అతని గుమ్మం ముందునుంచే బస్టాండు మిల్లుకి వెళుతూ, బావున్నావా అని పలకరించేవారు. ఎవరింట్లోనూ వంట ఆగిపోలేదు. మొదటి నెల అతనికి కొంచెం రోషంగా ఉండేది, తర్వాత పోయింది.

కార్తీకమాసంలో ఒకరోజు మండలి జీపు ఇంటి ముందు ఆగింది. కొత్త సర్క్యులరు వచ్చిందట. ఇకనుంచీ ప్రతి విరమణ సభలోనూ గవర్రాజు చెప్పిన వాక్యాలు ఉన్నవి ఉన్నట్టుగా చెప్పాలి. మూల ప్రతిలో నమోదైన విధంగా ముందు మూడుసార్లు దగ్గాలి. ఎవరు దగ్గినా అదే మాదిరిగా లేదని కొట్టేస్తున్నారట. ఆరు ఫైళ్ళు ఆగిపోయాయి. అందుకని అసలు మనిషినే తీసుకురమ్మన్నారు.

గవర్రాజు ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. శాలువా కప్పారు, మైకు ఇచ్చారు.

"దగ్గండి" అన్నారు కమిషనరుగారు.

గవర్రాజు ప్రయత్నించాడు. నిండా గాలి పీల్చాడు. అది ఎక్కడా తట్టుకోకుండా అడుగుదాకా వెళ్ళి, మళ్ళీ అలాగే బయటికి వచ్చింది. ఇంకోసారి పీల్చాడు. అంతే.

"రావట్లేదండి" అన్నాడు.

"ప్రయత్నలోపం కనిపిస్తోంది" అన్నారు కమిషనరుగారు. గుమాస్తా రాసుకున్నాడు. శాలువా వెనక్కి తీసుకుని, బస్సులో పంపించేశారు.

ఇంటికొచ్చేసరికి నూకరత్నం గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"అప్పుడే వచ్చేశారేం? సభ కాలేదా?"

"దగ్గు రావట్లేదని పంపించేశారే."

నూకరత్నం చెయ్యి చేటలోనే ఆగిపోయింది. తలెత్తి మొగుడి ముఖంలోకి చూసింది.

"ఏమన్నారూ? మళ్ళీ చెప్పండి."

గవర్రాజు పక్కన కూర్చుని, నిదానంగా, ఊపిరి కూడా తీసుకోకుండా మళ్ళీ చెప్పాడు.